నీరా మేష్టారి గుటక

మా చెల్లెలి మనవడు విశాఖపట్నంలో హోటలు వంటల చదువు చదువుతున్నాడు. మొన్న ఆదివారం భోజనానికి వచ్చి కాలేజీలో జరిగిన వింత చెప్పాడు. నాసిక్ వైపు నుంచి వైను తయారుచేసేవాళ్ళు ఎవరో వచ్చారట. పిల్లలందర్నీ వరసగా కూర్చోబెట్టి, గాజు గ్లాసుల్లో తలా కాస్త పోసి, వాసన ఎలా చూడాలో, నోట్లో ఎలా తిప్పాలో నేర్పారట. "తమాషా ఏమిటంటే అమ్మమ్మా, అంత ఖరీదైనదాన్ని మింగకూడదుట. బకెట్లో ఉమ్మెయ్యాలిట" అంటూ నా చేతిలోని దానిమ్మరసం లాక్కుని చేసి చూపించాడు. బుగ్గలు ఉబ్బించి, కళ్ళు మూసుకుని, కాసేపు ఏదో ఆలోచిస్తున్నట్టు మొహం పెట్టి, సింకులో ఉమ్మేశాడు.

వాళ్ళమ్మ కోప్పడింది. నేను మాత్రం వాడి గొంతు వంకే చూస్తూ ఉండిపోయాను. ఎవరైనా నోట్లో ఏదైనా పోసుకుని మింగకుండా ఆగితే చాలు, ఇప్పటికీ నా చూపు వాళ్ళ గొంతు మీదికి పోతుంది. అది చోడవరంలో పట్టుకున్న జబ్బు. "ఈ విద్య నేను మీ అమ్మ పుట్టకముందే నేర్చుకున్నాన్రా" అన్నాను. వాడు నవ్వాడు. కల్లు ముట్టుకుంటే జైల్లో పెట్టే రోజుల్లో నేర్చుకున్నానంటే మరీ నవ్వాడు. నవ్వితే నవ్వనీ అని ఊరుకున్నాను కానీ, ఆ రోజంతా నాకు అన్నం సయించలేదు.

నేర్పినాయన పేరు నాకు తెలియదు. మేమంతా నీరా మేష్టారు అనేవాళ్ళం. ఇప్పుడు ఎక్కడ ఉంటాడు, ఎప్పుడో పోయి ఉంటాడు. కానీ మనిషి మొత్తం నా కళ్ళకి కట్టినట్టు ఉన్నాడు. నున్నగా దువ్విన తల, గంజి పెట్టిన తెల్లచొక్కా, చేతికి గడియారం. ఆ చొక్కా చేతులు ఎంత ఎండలోనూ పైకి మడిచేవాడు కాదు. ఒకసారి చేతులు కడుక్కుంటుంటే చూశాను. మోచేతుల లోపలివైపు చర్మం నల్లగా, మొరటుగా కాయలు కాసి ఉంది. ఏళ్ళ తరబడి తాటిచెట్లని కావలించుకుని ఎక్కిన చేతులవి. చూస్తున్నానని గ్రహించి గబగబా చొక్కా చేతులు దించుకున్నాడు. గొప్పలు కూడా బాగానే చెప్పుకునేవాడు. రోలుగుంట నుంచి చోడవరం దాకా తన నాలిక లాంటి నాలిక ఇంకోటి లేదనేవాడు. మేము చాటున నవ్వుకునేవాళ్ళం.

అవి యాభైల్లో మాట. చోడవరంలో బస్సులు ఆగే చోటికి కాస్త వెనగ్గా, ఒక పెంకుటింట్లో ఆడవాళ్ళకి వంటల క్లాసు పెట్టారు. మొగుడు పోయినవాళ్ళూ, మొగుడు వదిలేసినవాళ్ళూ, నాలాగ తండ్రి లేని పెళ్ళికాని పిల్లలూ చేరాం. నేను బుచ్చయ్యపేట నుంచి వచ్చాను. వంట నేర్చుకుని పాసయితే ఆస్పత్రుల్లోనూ, పిల్లల హాస్టళ్ళలోనూ వంటమనిషి ఉద్యోగం ఇస్తామన్నారు. మాకు నేర్పే టీచరమ్మది కాకినాడ. మంచి మనిషి. శుభ్రం పిచ్చి. గరిట కింద పెడితే మళ్ళీ కడిగేదాకా ఊరుకునేది కాదు. మమ్మల్ని పదిమందిలో తలెత్తుకునేట్టు చెయ్యాలని ఆవిడ తాపత్రయం. అందుకే ఆవిడ మీద నాకు ఈనాటికీ కోపం నిలవదు.

మద్యనిషేధం వచ్చి, కల్లు గీసుకుని బతికేవాళ్ళ పొట్ట మీద కొట్టింది. వాళ్ళకి వేరే దారి చూపించాలని సర్కారు నీరా సంఘాలు పెట్టించింది. లోపల సున్నం పూసిన కుండ తాటిచెట్టుకి కట్టి, తెల్లారకముందే దించితే దొరికే తియ్యటి నీరు నీరా. దానికి ఎండ తగిలి పులిస్తే అదే కల్లు. నీరా తాగితే ఒంటికి మంచిదని గోడల మీద రాసేవారు, కల్లు తాగితే స్టేషన్లో వేసేవారు. రెండింటికీ మధ్య ఉన్నది ఒక్క పూట ఎండ. ఆ నీరాతో పాయసాలూ, హల్వాలూ చెయ్యడం మాకు నేర్పాలని పైవాళ్ళ ఆలోచన. పులిసినదాన్ని తెలియక వాడితే పాలు విరుగుతాయి, హాస్టలు పిల్లలకి పెడితే ఉద్యోగమే ఊడుతుంది. కాబట్టి ఎక్కడ పులుపు మొదలవుతుందో నాలికతో పట్టుకోవడం రావాలి. ఆ పాఠం చెప్పడానికే వారానికోసారి మేష్టారు నీరా సంఘం తరఫున సైకిలు మీద వచ్చేవాడు.

ఆయన రాక చూసి తీరాలి. సైకిలుకి అటూ ఇటూ కుండలు, వాటి మీద నీడ పడేట్టు కట్టిన గొడుగు. తను మాత్రం నెత్తి మాడిపోతూ పక్కన నడిచి వచ్చేవాడు. "మేష్టారూ, గొడుగు మీరు వేసుకోవచ్చు కదా" అని మా సత్యవతి ఒకసారి అంది. సత్యవతి నా పక్క పీట, నోరు ఊరుకోని మనిషి. "నాను మాడితే నల్లబడతాను, అంతే. అది మాడితే నన్ను జైల్లో ఎడతారు" అన్నాడు. నవ్వలేదు.

కుండలు మూడు. మొదటిది సున్నం బాగా పూసిన తాజా నీరా. రెండోది సున్నం తక్కువైనది, తీపి కాస్త తగ్గి నాలిక చివర చురుక్కుమనేది. మూడోది చిన్న ముంత. అందులో సున్నం లేదు. అది కల్లే. దాన్ని తేవడానికి పై ఆఫీసువాళ్ళు శాంపిలు కింద నోటిమాటగా ఒప్పుకున్నారట. పులిసింది ఎలా ఉంటుందో తెలియకపోతే పులవనిది ఎలా తెలుస్తుంది? అదీ లెక్క. ఆ లెక్క చెప్పినవాళ్ళెవరూ దాన్ని ఎవరి నోట్లో పోస్తున్నామో అడిగి ఉండరు.

ముందు మా చేత ఉప్పునీళ్ళతో పుక్కిలింపజేసి, తలా నాలుగు పచ్చిబియ్యం గింజలు నమలమనేవాడు. తరవాత కుండని చెవి దగ్గర పెట్టుకునేవాడు. మమ్మల్నీ వినమనేవాడు. మొదటి దాంట్లో ఏమీ వినపడదు. మూడో ముంతలో మాత్రం సోడా కొట్టాక సీసాలో మిగిలే సన్నటి చప్పుడు వినపడేది. "అదిగో, మాటాడతంది" అనేవాడు మెల్లిగా. "అది మాటాడ్డం మొదలెట్టిందంటే మరి మన మాట ఇనదు." ఆ మాట అంటున్నప్పుడు మా వైపు చూసేవాడు కాదు.

ఆ తరవాత రుచి. ఒక్కో పిడతలో గుక్కెడు పోసి, నోట్లో పట్టుకోమని, అటూ ఇటూ తిప్పమని, చివరికి బూడిద పోసిన మట్టిచట్టిలో ఉమ్మమనేవాడు. "నాలిక్కే పని. గొంతుకి సెలవ. మింగీసినోలు నా కలాసులో కూకోనక్కర్నేదు." మొదటి కుండైనా సరే, అమృతంలా ఉన్నా సరే, ఉమ్మాల్సిందే. మొదట్లో మాకు ప్రాణం ఉసూరుమనేది. సత్యవతి ఒకసారి గుట్టుచప్పుడు కాకుండా మింగేస్తే గొంతు కదలడం చూసి పట్టుకున్నాడు. ఆ వారమంతా దాన్ని చట్టి కడగమన్నాడు.

తను ముందు చేసి చూపించేవాడు. మూడో ముంత నోట్లో పోసుకున్న క్షణంలోనే ఉమ్మేసి, ఉప్పు నోట్లో వేసుకుని, మళ్ళీ మళ్ళీ పుక్కిలించేవాడు. ముంతలో మిగిలినదాన్ని తనే స్వయంగా పెరట్లోకి తీసుకెళ్ళి బూడిదలో పోసి, కాలితో కప్పి వచ్చేవాడు. పులిసిన వస్తువంటేనే ఆమడ దూరం. మజ్జిగ ఇస్తే వద్దనేవాడు. పొద్దున్నే పులిసిన తరవాణి నీళ్ళు తాగని మనిషి మా వైపు ఉంటాడా? ఈయన తాగడు. ఒకసారి మాడుగుల హల్వా తెప్పించి పెడితే, గోధుమపాలు నిలవేసి పులవబెట్టి చేస్తారు కదా అని అదీ ముట్టలేదు. చాదస్తం అనుకున్నాం. వేళాకోళం కూడా చేశాం.

ఆ వేళాకోళం ఆయన భార్య వచ్చిన రోజుతో ఆగిపోయింది. పాఠం అయిపోయి మేష్టారు వెళ్ళిన మర్నాడు అనుకుంటాను, తాటాకు విసనకర్రలు అమ్ముకుంటూ ఒకావిడ మా అరుగు మీద కూర్చుంది. ఎండకి వడిలిపోయిన సన్నటి మనిషి. విసనకర్రల మాట పక్కన పెట్టి నన్ను దగ్గరికి పిలిచింది.

"అమ్మా, మీ నీరా మేష్టరు మూడో ముంత నోట్లో ఎట్టుకున్నాక ఏటి సేసేడు?"

"ఉమ్మేశారు. ఎందుకు?"

ఆవిడ తల తిప్పి కుడిచెవి నా వైపు పెట్టింది. "ఇటు సెప్పమ్మా. ఆ సెవి ఇనపడదు."

మళ్ళీ చెప్పాను. "బాగా సూసేవా? గొంతు కదల్నేదా?" అని అడిగింది. లేదన్నాను. అప్పటికి ఆవిడ చేతిలో విసనకర్ర కదలడం మొదలెట్టింది. తను ఎవరో అప్పుడు చెప్పింది.

"ఈ సెవి పుట్టుకతో ఇలగ లేదమ్మా. మా మావ తాగొచ్చి సేసిన పనిది. తాగనప్పుడు సీమక్కూడా కీడు సెయ్యడు. తాగితే ఎదట ఎవులున్నారో తెలీదు. ఆ పాలి నాను సచ్చిపోయేననే అనుకున్నాడంట. తెలివొచ్చేక రెండో పిల్ల నెత్తి మీద సెయ్యేసి ఒట్టెట్టుకున్నాడు. అప్పట్నించి సుక్క ముట్నేదు. ఇప్పుడు గవర్నమెంటోలే వారం వారం ఆయన నోట్లో పోత్తన్నారు."

"వద్దని చెప్పకపోయావా?"

"సెట్టెక్కితే పోలీసులు అట్టుకెల్తన్నారు. ఇదొకటే గదమ్మా దొరికింది. పిల్లలు తినాలి."

అప్పట్నించి ఆవిడ ప్రతి వారం వచ్చేది. ఒకే ప్రశ్న అడిగేది. మేము చూసి చెప్పేవాళ్ళం. ఆ విసనకర్రలు కొనేవాళ్ళం కూడా, మా ఇళ్ళన్నీ విసనకర్రలే. కానీ పాఠంలో తీపి పోయింది. ఆయన ముంత ఎత్తగానే గదిలో మాటలు ఆగిపోయేవి. అందరి కళ్ళూ ఆయన గొంతు మీదే ఉండేవి. ఎందుకు చూస్తున్నామో ఆయనకీ తెలుసని నా నమ్మకం. అదీగాక నాకు ఇంకో సంగతి కనపడసాగింది. మొదట్లో మూడోది నోట్లో పడగానే ఉమ్మేసే మనిషి, ఎండలు ముదిరేకొద్దీ కాస్త కాస్త ఎక్కువసేపు ఉంచుకుంటున్నాడు. కళ్ళు మూసుకుని ఉండిపోతున్నాడు. చెప్పొద్దూ, నాకు చాలా భయం వేసింది. ఆ సంగతి ఆయన భార్యకి కూడా చెప్పాను. "నాకూ తెలుస్తందమ్మా. నిద్దట్లో నాలిక సప్పరిస్తన్నాడు" అంది.

అలా ఉండగా విశాఖపట్నం నుంచి ఆడవాళ్ళ శిక్షణ చూసే పెద్దావిడా, మద్యనిషేధం ఆఫీసరూ కలిసి మా క్లాసు చూడ్డానికి వస్తున్నారని కబురొచ్చింది. వాళ్ళు మెచ్చుకుంటే మాకు ఉద్యోగాలు ఖాయం. టీచరమ్మ మూడు రోజులు ఇల్లంతా కడిగించింది. ముందు వారం పాఠానికి వచ్చిన మేష్టార్ని అరుగు మీదే ఆపింది.

"మేష్టారూ, ఆ రోజు ఈ చట్టి ఉండకూడదండీ. పెద్దవాళ్ళ ఎదుట ఆడపిల్లలు ఎంగిలి ఉమ్ముతూ కూర్చుంటే ఏం బాగుంటుంది చెప్పండి? వీళ్ళనా ఆస్పత్రి వంటకి పంపేది అనుకోరూ?"

"పిల్లలు ఉమ్మకపోయినా పరవానేదండి. సెంచాడు ఇస్తే సాలు" అన్నాడు మేష్టారు. "నాను మాత్రం ఉమ్మాలండి."

"మీరు మేష్టారు కదండీ. మీరు ముందు ఉమ్మితే ఇంకేముంది? పోనీ ఒక్క గుటక. ఒక్క గుటకకి ఏమైపోతుంది?"

"ఒక్కటి ఉండదండమ్మా అందులో" అన్నాడు. గడియారం పట్టీని అదేపనిగా తిప్పుతున్నాడు. "మూడో ముంత మానెయ్యమంటే మానెస్తాను."

"ఆఫీసరుగారు చూడాలన్నదే అది. అది లేకపోతే పాఠమెక్కడుంది?"

ఆయన అరుగు మీద నుంచి లోపల కూర్చున్న మమ్మల్ని చూశాడు. ఒక్కొక్కర్నీ చూశాడు. మా ఉద్యోగాలు ఆయన నోటి మీద ఆధారపడ్డాయని ఆ చూపులోనే తెలిసిపోయింది. "అలాగేనండి" అన్నాడు.

నేను ఊరుకోలేదు. ఆయన వెళ్ళగానే టీచరమ్మకి ఆయన భార్య చెవి సంగతి చెప్పాను. ఆవిడ మొహం చిన్నబోయింది. "వాళ్ళ ఇంటి గొడవలు మనకెందుకమ్మా" అంది చివరికి. "ఎంత పద్ధతిగా ఉంటాడాయన. అలాంటి మనిషిలా కనపడడు. అయినా ఎప్పటి మాటో అది." సత్యవతి కూడా నా వెంట నిలబడి చెప్పింది. లాభం లేకపోయింది. మర్యాద అన్న మాట వినపడితే ఆవిడకి ఇంకేమీ వినపడేది కాదు.

ఆ రోజు రానే వచ్చింది. బల్లల మీద తెల్లదుప్పట్లు, గుమ్మానికి మామిడాకులు. మా జడల్లో మల్లెలు. నీరాతో హల్వా చేసి, మాడుగుల హల్వాకి పోటీ అని చెప్పడానికి సిద్ధంగా ఉన్నాం. మేష్టారు చొక్కా ఆ రోజు మరీ పెళపెళలాడింది. లోపలికి రాగానే ఎప్పుడూ చట్టి ఉండే చోటు వైపు చూశాడు. అక్కడ ఇత్తడి చెంబులో బంతిపూలు పెట్టి ఉన్నాయి. వాటి వంకే కాసేపు చూసి, వచ్చి తన చోట నిలబడ్డాడు.

మొదటి కుండ నోట్లో పోసుకుని, తిప్పి, మింగాడు. రెండోదీ మింగాడు. వాటికేం ఫరవాలేదు. మూడో ముంత చెవి దగ్గర పెట్టుకుని మామూలు కంటే ఎక్కువసేపు విన్నాడు. ఆఫీసరు సరదాపడి, "ఏమంటోంది మేష్టారూ?" అని అడిగాడు. అందరూ నవ్వారు. మేష్టారు పిడతలో పోసుకుని నోట్లో ఒంపుకున్నాడు. నోరు మూసుకుంది. కళ్ళు మూసుకున్నాయి. సత్యవతి నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"ఊఁ, చెప్పండి. పులుపు తిరిగిందా, లేదా?" అన్నాడు ఆఫీసరు.

నోట్లో ఉంచుకుని ఎవరు మాత్రం జవాబు చెప్పగలరు? ఆయన గొంతు కదిలింది. ముడి పైకి వెళ్ళి కిందికి దిగడం మేమంతా చూశాం.

"తిరిగిందండి" అన్నాడు. అది ఆయన గొంతులా లేదు. ఏదో తడిగా, కిందనించి వచ్చినట్టు ఉంది.

ఆఫీసరు చప్పట్లు కొట్టాడు. మాకూ తలా చెంచాడు ఇచ్చారు. మద్యనిషేధం ఆఫీసరు ఎదుట కల్లు మింగి మార్కులు తెచ్చుకున్న ఆడపిల్లలం మేమే అయి ఉంటాం. పెద్దావిడ హల్వా రెండోసారి అడిగి వేయించుకుంది. మీకందరికీ ఉద్యోగాలు వచ్చినట్టే అనుకోండి అంది. జీపు వెళ్ళిపోయింది. టీచరమ్మ ఆనందం పట్టలేక మమ్మల్ని వాటేసుకుంది. నాకు నవ్వు రాలేదు. మేష్టారు ముంత పట్టుకుని పెరట్లోకి వెళ్ళి ఇంకా రాలేదు.

వంటగదిలోకి ఆయన ఎన్నడూ అడుగుపెట్టి ఎరగడు. ఆ రోజు పెరటి గుమ్మంలోంచి నేరుగా వచ్చి నిలబడ్డాడు. ముంత చేతిలో అలాగే ఉంది. అందులోది పారబొయ్యలేదు. మొహమంతా చెమట.

"అమ్మగోరూ, ఆ సామాన్ల గదికి తాళం ఉందాండి?"

"ఉంది. ఎందుకండీ?"

"నన్నందులో ఎట్టి తాళం ఎయ్యండి. రేపు ఎండెక్కేక తియ్యండి. మజ్జిలో నాను తియ్యమన్నా తియ్యకండి. తిట్టినా, ఏడిసినా తియ్యకండి."

టీచరమ్మ ముందు నవ్వబోయింది. మొహం చూసి ఆగిపోయింది. "అదేం మాటండీ మేష్టారూ" అంది, తడబడుతూ. "ఇంతమంది ఆడవాళ్ళు ఉండే చోట పరాయి మగవాణ్ణి తాళం వేసి ఉంచితే ఊళ్ళో ఏమనుకుంటారు? రేపు వీళ్ళకి ఉద్యోగాలిస్తారా? ఇంటికెళ్ళి కాస్త మజ్జిగ తాగి పడుకోండి. సర్దుకుంటుంది."

"ఇంటికేనండమ్మా నాను ఎల్లకూడనిది" అన్నాడు.

"టీచరుగారూ, వెయ్యండి, తాళం వెయ్యండి" అని నేను బతిమాలాను. మా చేతుల్లో తాళంచెవి లేదు, అది ఆవిడ బొడ్డున ఉంది. ఆవిడ చెయ్యి దాని మీదికి వెళ్ళింది కూడా. వెళ్ళి అక్కడే ఉండిపోయింది. ఆయన కాస్త సేపు చూసి, తల ఊపి, వెనక్కి తిరిగాడు. ముంతని సైకిలు హ్యాండిలుకి తగిలించుకున్నాడు. గొడుగు మా అరుగు మీదే వదిలేశాడు. మేము గుమ్మంలో నిలబడి చూశాం. ఇంటికి వెళ్ళే రోలుగుంట దారి పట్టలేదు, బజారు వైపు తిరిగాడు.

ఇంకా తాగడానికే వెళ్ళాడనుకున్నాం. తాగి ఇంటికి వెళతాడని, అక్కడ ఆవిడ ఉంటుందని అందరికీ ఒకటే తలపు. ఆవిడకి కబురు చెప్పడానికి ఆ ఎండలో బస్సు లేదు, మనిషి లేడు. పొయ్యి మీద పాలు పొంగి మాడిపోతే ఎవరూ దించలేదు. టీచరమ్మ పీట మీద కూర్చుని తాళంచెవుల గుత్తినే చూసుకుంటోంది. ఎవరింట్లోనో కుక్క మొరిగినా ఉలిక్కిపడ్డాం. ఆ మధ్యాహ్నం లాంటి మధ్యాహ్నం మళ్ళీ నా జన్మలో ఎదురుకాలేదు.

పొద్దు కాస్త వాలాక, రోజూ మాకు కూరలు అమ్మే అప్పలమ్మ ఖాళీ గంప పట్టుకుని పరిగెత్తుకొచ్చింది. "మీ మేష్టరు టేసన్లో ఉన్నాడమ్మా" అంది. కళ్ళారా చూసిందట. సైకిలు స్టేషను మెట్లకి ఆనించి, కానిస్టేబులు దగ్గరికి వెళ్ళి, "నాను తాగేను బాబూ, లోపలెట్టి తాళం ఎయ్యండి" అన్నాడట. ఆ కానిస్టేబులు తెలిసినవాడే. "పొద్దున్న ఆఫీసరుగారే తాగించేరంట గదా. ఒక్క గుటక్కి కేసేటి? పో, ఇంటికి పో" అని నవ్వాడట.

"అప్పుడేటి సేసేడనుకున్నారు" అంది అప్పలమ్మ, రొప్పుతూ. "సైకిలికున్న ముంత తీసేడు. టేసను మెట్ల మీద నిలబడి, బజారంతా సూత్తండగా గటగటా సివరికంటా తాగీసేడు. ముంత నేలకేసి కొట్టి, ఇప్పుడవుద్దా కేసు అన్నాడు. మరి ఊరుకుంటారా? లోపలికి ఈడ్సుకెల్లిపోయేరు."

సంఘంలో ఉద్యోగం అక్కడితో సరి. నీరా మేష్టారే నడిబజార్లో కల్లు తాగితే ఎవరుంచుకుంటారు? ఆ సంగతి ఆయనకి తెలియక కాదు. టీచరమ్మ రెండు చేతులతో మొహం కప్పుకుంది.

అంతలోనే ఆయన భార్య వచ్చింది. ఇంటికి రావాల్సిన వేళకి రాలేదని బయల్దేరిందట. విసనకర్రలు లేవు. ఇద్దరు ఆడపిల్లల్ని చెరో చేత్తో పట్టుకుంది. మా మొహాలు చూసి ప్రశ్న అడగలేదు. నేనే దగ్గరికి వెళ్ళి కుడిచెవిలో చెప్పాను.

"మింగారు."

పిల్లల్ని దగ్గరికి లాక్కుంది. ఎటు పరిగెత్తాలా అన్నట్టు రోడ్డు రెండు వైపులా చూసింది.

"ఇంటికి రారు. స్టేషన్లో ఉన్నారు."

"ఎవులు అట్టుకున్నారు?"

"ఎవరూ పట్టుకోలేదు. ఆయనే వెళ్ళి తాళం వెయ్యమన్నారు. వెయ్యకపోతే వాళ్ళ ఎదట మళ్ళీ తాగి వేయించుకున్నారు."

ఆవిడకి అర్థం కావడానికి కొంత సేపు పట్టింది. "ఆయనే ఎల్లేడా" అంది. మళ్ళీ అదే మాట అంది. అరుగు మీద కూలబడిపోయింది. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు.

టీచరమ్మ లోపలి నుంచి వచ్చింది. చీర సర్దుకుని, చెప్పులు తొడుక్కుని, గొడుగు పట్టుకుంది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "అమ్మా, తప్పు నాది" అంది ఆవిడ చేతులు పట్టుకుని. "ఆయన వద్దన్నా నేనే మింగమన్నాను. నేనే వెళ్ళి స్టేషన్లో చెబుతాను, ఆఫీసరుగారికి కబురు పెట్టిస్తాను. దీపాలు పెట్టేలోపల విడిపించి తీసుకొస్తాను. నువ్వేం బెంగపెట్టుకోకు."

ఆవిడ ఒక్క ఉదుటున లేచి మెట్టుకి అడ్డంగా నిలబడింది.

"ఒద్దమ్మా. మీ కాళ్ళకి దండవెడతాను, ఇడిపించకండి." గట్టిగా అరవలేదు, మెల్లిగానే అంది. "ఆయన్ని ఆయనే కట్టీసుకున్నాడు. మీరెల్లి ఇప్పకండి."

టీచరమ్మ చెప్పులు విప్పి గోడ వారగా పెట్టి, లోపలికి వెళ్ళి పిల్లలకి రెండు పళ్ళేల్లో హల్వా పెట్టుకొచ్చింది. పిల్లలు దాన్ని ముందు వాసన చూసి, తరవాత తినడం మొదలెట్టారు. వాళ్ళు తింటుంటే చూస్తూ చూస్తూనే వాళ్ళ అమ్మ గోడకి జారబడి, నోరు తెరుచుకుని, పట్టపగలు, మా అందరి మధ్యా నిద్రపోయింది. ఎన్నాళ్ళ నిద్రో అది. మేము వీధిలో ఆడుకునే పిల్లల్ని కూడా అరవొద్దని పంపేశాం.